సర్వర్ సందేహాలు: యూజర్ల మెయిల్ సెట్టింగులు డేటాబేస్‌లోనే మార్చాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. వందలమంది, వేలమంది యూజర్లకు వెళ్లే నోటిఫికేషన్ మెయిళ్లను ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి కాకుండా, డేటాబేస్‌లో ఒక్క ఆజ్ఞతో మార్చడం ఎలా అని అడిగారు. నాలుగు ప్రశ్నలు ఆన్‌లైన్ చదువులకు వాడే మూడుల్ సాఫ్ట్‌వేర్ గురించి, ఒకటి ఆఫీసు పనులు పంచి చూసుకునే రెడ్‌మైన్ గురించి. టేబుళ్లు, కాలమ్‌ల పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. అండర్‌స్కోర్ గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ ఉండాల్సిందే. మూడుల్ టేబుళ్ల పేర్లకు ముందు మామూలుగా ఎమ్‌డీఎల్_ అని ఉంటుంది, చదవడానికి వీలుగా దాన్ని వదిలేశాం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో మూడుల్ 4.1, మరియాడీబీ డేటాబేస్ మీద నడుస్తోంది. ఫోరమ్‌లో ఎవరు ఏం రాసినా అందరికీ మెయిల్ వెళ్తోంది. మెయిల్ ఆపేసి గంట గుర్తు దగ్గర మాత్రమే కనిపించేలా చేయమన్నారు. యూజర్_ప్రిఫరెన్సెస్ టేబుల్‌లో ఫోరమ్ పోస్టుల సెట్టింగుకు వ్యాల్యూ ‘పాపప్’ అని అప్‌డేట్ ఇచ్చాను. విద్యార్థులు 6 వేలకు పైగా ఉన్నారు, మారింది 41 వరసలే. మెయిళ్లు ఎప్పటిలాగే వెళ్తున్నాయి. తప్పెక్కడ? – సిస్టమ్ అడ్మిన్, భీమవరం

జవాబు: మీ ఆజ్ఞలో తప్పు లేదు. మీరు మార్చాలనుకున్న వరసలు అసలు టేబుల్‌లోనే లేవు. మూడుల్‌లో ఒక యూజర్ తన నోటిఫికేషన్ల పేజీకి వెళ్లి ఏదో ఒక మీట స్వయంగా మార్చినప్పుడే అతని పేరున యూజర్_ప్రిఫరెన్సెస్‌లో వరస పుడుతుంది. ఆ పేజీ ఎప్పుడూ తెరవనివాళ్లకు వరస ఉండదు. వరస లేనివాళ్లకు మూడుల్ సైట్ మొత్తానికి ఉన్న డిఫాల్ట్‌ను వాడుతుంది. మీ కాలేజీలో ఆ పేజీ ముట్టుకున్నవాళ్లు 41 మందే అన్నమాట. మిగతా వేలమందికీ మెయిల్ వెళ్లేది డిఫాల్ట్ వల్ల.

టేబుల్ తెరిచి ఒక వరస చూడండి, విషయం తేలిగ్గా అర్థమవుతుంది. యూజర్‌ఐడీ 512. నేమ్ కాలమ్‌లో ‘మెసేజ్_ప్రొవైడర్_మాడ్_ఫోరమ్_పోస్ట్స్_ఎనేబుల్డ్’. వ్యాల్యూ కాలమ్‌లో ‘పాపప్,ఈమెయిల్’. ఈ రెండు మాటల మధ్య కామా ఉంటుంది, ఖాళీ ఉండదు. పాపప్ అంటే గంట గుర్తు. ఏదీ వద్దనుకున్నవాళ్లకు ‘నన్’ అని ఉంటుంది. 4.0 కంటే ముందు వెర్షన్లలో ఇదే సెట్టింగు రెండు వరసలుగా ఉండేది: లాగిన్ అయి ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. 2022 ఏప్రిల్‌లో 4.0 వచ్చాక రెండూ కలిసి ‘ఎనేబుల్డ్’ అనే ఒకే పేరు కిందికి వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఆజ్ఞలు ఇప్పటి సైట్ల మీద సున్నా వరసలు చూపించడానికి ఇదొక కారణం.

డిఫాల్ట్ ఉండేది కాన్ఫిగ్_ప్లగిన్స్ టేబుల్‌లో. ప్లగిన్ కాలమ్‌లో ‘మెసేజ్’, నేమ్‌లో పైన చెప్పిన పొడుగు పేరే, వ్యాల్యూలో ‘పాపప్,ఈమెయిల్’. దీన్ని డేటాబేస్‌లో నేరుగా ‘పాపప్’గా మారిస్తే ఇంకో చిక్కు వస్తుంది. మూడుల్ ఈ టేబుల్‌ను ప్రతిసారీ చదవదు, క్యాష్‌లో (వేగం కోసం ఉంచుకునే తాత్కాలిక కాపీలో) పెట్టుకుంటుంది. మీరు మార్చిన సంగతి దానికి తెలియదు కాబట్టి పాత డిఫాల్ట్‌తోనే మెయిళ్లు పంపుతూ ఉంటుంది. అడ్మిన్ ఫోల్డర్‌లోని సీఎల్‌ఐ (కమాండ్ లైన్ స్క్రిప్టుల) ఫోల్డర్‌లో పర్జ్_క్యాచెస్ అనే స్క్రిప్టు నడిపితేగానీ కొత్త విలువ అమల్లోకి రాదు.

మీ పనికి అసలు డేటాబేస్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదని మా అభిప్రాయం. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో మెసేజింగ్ కింద నోటిఫికేషన్ సెట్టింగ్స్ పేజీకి వెళ్లండి. ‘సబ్‌స్క్రయిబ్డ్ ఫోరమ్ పోస్ట్స్’ అన్న వరసలో ఈమెయిల్ మీట ఆపి, పక్కనే ఉన్న ‘లాక్డ్’ మీట వేయండి. లాక్ వేశాక యూజర్ సొంత వరస ఉన్నా దాన్ని పట్టించుకోరు, డిఫాల్టే చెల్లుతుంది. అంటే ఆ 41 మంది సంగతీ దీనితోనే తీరిపోతుంది. పేజీ ద్వారా మార్చినప్పుడు క్యాష్ కూడా దానంతటదే సర్దుకుంటుంది. బ్రౌజర్ వాడే వీలు లేకపోతే అదే సీఎల్‌ఐ ఫోల్డర్‌లో సీఎఫ్‌జీ అనే స్క్రిప్టు ఉంది. దానికి కాంపొనెంట్‌గా ‘మెసేజ్’, నేమ్, సెట్ అనే మూడూ ఇస్తే సరిపోతుంది. లాక్‌కు సంబంధించిన పేరు ‘ఈమెయిల్_ప్రొవైడర్_మాడ్_ఫోరమ్_పోస్ట్స్_లాక్డ్’, విలువ 1. స్క్రిప్టును రూట్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతాతో) కాకుండా వెబ్ సర్వర్ యూజర్ పేరుతో నడపండి. లేదంటే క్యాష్ ఫైళ్లు రూట్ సొంతమైపోయి సైట్‌లో ఇంకో గొడవ మొదలవుతుంది.

చాలామంది మర్చిపోయేది డైజెస్ట్. రోజుకొక్కసారి అన్ని పోస్టులూ కలిపి పంపే మెయిల్‌కు వేరే ప్రొవైడర్ (నోటిఫికేషన్ రకం) ఉంది, దాని పేరు మాడ్_ఫోరమ్_డైజెస్ట్స్. పోస్టులకు మాత్రమే లాక్ వేసి ఊరుకుంటే, డైజెస్ట్ ఎంచుకున్నవాళ్లకు సాయంత్రం మెయిల్ పడుతూనే ఉంటుంది (డైజెస్ట్ వేళ మార్చకపోతే 17 గంటలు). రెండు వరసలూ చూడండి.

ఇక డేటాబేస్ తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. అందరికీ కాదు, ఫైనల్ ఇయర్‌వాళ్లకు మాత్రమే మెయిల్ ఆపాలనుకోండి. అప్పుడు అప్‌డేట్ ఒక్కటే చాలదు, వరస లేనివాళ్లకు ఇన్సర్ట్ కావాలి. రెండూ కలిపి చేసే పద్ధతి ఉంది. యూజర్ టేబుల్‌ను కోహోర్ట్_మెంబర్స్‌తో కలిపి ఆ కోహోర్ట్‌లోని (యూజర్ల గుంపులోని) ఐడీలను సెలెక్ట్ చేసి, వాటిని యూజర్_ప్రిఫరెన్సెస్‌లోకి ఇన్సర్ట్ చేస్తూ, చివర ‘ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ వ్యాల్యూ’ అని ‘పాపప్’ ఇవ్వాలి. ఈ టేబుల్‌లో యూజర్‌ఐడీ, నేమ్ కలిపి ఒకే యూనీక్ ఇండెక్స్ ఉంది. అందుకే వరస ముందే ఉంటే మారుతుంది, లేకపోతే కొత్తది చేరుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు ఇదే ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్’ అవుతుంది. సెలెక్ట్‌లో డిలీటెడ్ = 0 షరతు తప్పక పెట్టండి. మూడుల్ తీసేసిన యూజర్ల వరసలను టేబుల్‌లోంచి నిజంగా చెరపదు, డిలీటెడ్ కాలమ్‌లో 1 వేసి ఉంచుతుంది.

ఇలా నేరుగా మార్చినప్పుడు, అప్పటికే లాగిన్ అయి ఉన్న విద్యార్థికి తన పేజీలో పాత సెట్టింగే కనబడుతుంది. ప్రిఫరెన్సులను మూడుల్ అతని సెషన్‌లో దాచుకుంటుంది. వేరే చోట మారాయని సూచించే గుర్తు ఒకటి ఉంటేనే మళ్లీ చదువుతుంది. ఎస్‌క్యూఎల్‌తో మార్చినప్పుడు ఆ గుర్తు పడదు. లాగౌట్ అయి వస్తే కొత్తది కనబడుతుంది. మెయిళ్లు పంపే క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) మాత్రం డేటాబేస్ నుంచే చదువుకుంటుంది కాబట్టి దానికి ఈ ఆలస్యం లేదు.

మార్చాక పరీక్షించేటప్పుడు తొందరపడకండి. ఫోరమ్‌లో రాసినవాళ్లు దిద్దుకోవడానికి మూడుల్ మామూలుగా 30 నిమిషాల గడువు ఇస్తుంది, ఆ తర్వాతే మెయిల్ కదులుతుంది. పోస్టు పెట్టిన ఐదు నిమిషాలకే ‘మెయిల్ రాలేదు, పని అయిపోయింది’ అనుకుంటే పొరపాటు.

ప్రశ్న: చదువు పూర్తయి వెళ్లిపోయిన బ్యాచ్‌కు యూజర్ టేబుల్‌లో ఈమెయిల్‌స్టాప్ = 1 పెట్టాను. అయినా వాళ్లలో ఒకరు పాస్‌వర్డ్ రీసెట్ లింకు మెయిల్‌లో వచ్చిందని చెప్పారు. ఈ కాలమ్ పనిచేయదా? – ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్

జవాబు: పనిచేస్తుంది. యూజర్ నోటిఫికేషన్ల పేజీలో ‘డిజేబుల్ నోటిఫికేషన్స్’ అని ఒక టిక్కు ఉంటుంది. దాని విలువ వచ్చి చేరేది ఈ ఈమెయిల్‌స్టాప్ కాలమ్‌లోనే. అది ఆపేది నోటిఫికేషన్లను. పాస్‌వర్డ్ రీసెట్ నోటిఫికేషన్ కాదు, దాన్ని మూడుల్ వేరే దారిలో నేరుగా పంపుతుంది. ఆ మెయిల్ వెళ్లడమే మంచిది కూడా. పాత మార్కుల పత్రం కోసం రెండేళ్ల తర్వాత వచ్చే విద్యార్థి తన ఖాతాలోకి ఎలా వెళ్తాడు?

ఖాతానే పూర్తిగా నిలిపేయాలంటే సస్పెండెడ్ = 1 పెట్టాలి. అప్పుడు లాగిన్ ఉండదు, మెయిలూ వెళ్లదు. ఈ రెండింటికీ డేటాబేస్ కంటే మంచి దారి ‘అప్‌లోడ్ యూజర్స్’ పేజీ. యూజర్‌నేమ్, ఈమెయిల్‌స్టాప్ అని రెండు కాలమ్‌లతో సీఎస్‌వీ ఫైలు చేసుకుని, ‘అప్‌డేట్ ఎగ్జిస్టింగ్ యూజర్స్ ఓన్లీ’ ఎంచుకుని, వివరాలు ఫైలులోంచే తీసుకోమని చెప్పండి. ఏ వరస మారిందో, ఏది వదిలేసిందో చివర్లో పట్టికగా చూపిస్తుంది. ఎస్‌క్యూఎల్ ఆ పట్టిక ఇవ్వదు.

ప్రశ్న: మా కాలేజీ మెయిల్ డొమైన్ మారింది. 4 వేల పైచిలుకు విద్యార్థుల అడ్రసులు పాత డొమైన్‌తోనే ఉన్నాయి. యూజర్ టేబుల్‌లో రీప్లేస్‌తో మారుద్దామనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పగలరు. – కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేయొచ్చు. అయితే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో వద్దు. అందులో ‘గో’ నొక్కిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. ఒకసారి ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ ఇచ్చి, మరోసారి అప్‌డేట్ ఇచ్చి, ఫలితం చూసుకుని, తర్వాత ‘రోల్‌బ్యాక్’ (మార్పు వెనక్కి తీసుకోవడం) ఇద్దామనుకుంటే కుదరదు, అప్పటికే రాత పడిపోయి ఉంటుంది. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో చేయండి.

ముందుగా యూజర్, యూజర్_ప్రిఫరెన్సెస్ టేబుళ్లు రెండింటినీ మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో విడిగా దాచుకోండి. ‘సింగిల్-ట్రాన్సాక్షన్’ ఆప్షన్ వాడితే సైట్ నడుస్తూండగానే తీసుకోవచ్చు. మొత్తం డేటాబేస్ బ్యాకప్ రాత్రి ఎలాగూ అవుతుందిలే అని వదిలేయకండి. తప్పు జరిగినప్పుడు మీకు కావలసింది పావుగంట కిందటి రెండు టేబుళ్లు. నిన్న రాత్రి బ్యాకప్ తిరిగి ఎక్కిస్తే ఈరోజు విద్యార్థులు పెట్టిన అసైన్‌మెంట్లు పోతాయి.

తర్వాత సెలెక్ట్‌తో లెక్క చూడండి. ఈమెయిల్ పాత డొమైన్‌తో ముగిసేవి, డిలీటెడ్ = 0 ఉన్నవి ఎన్ని? లైక్ షరతులో పర్సెంట్ గుర్తు తర్వాత ఎట్ గుర్తుతో సహా డొమైన్ మొత్తం రాయండి. ఎట్ గుర్తు వదిలేస్తే మీ డొమైన్ పేరు తోకగా ఉన్న ఇంకో సంస్థ అడ్రసులు కూడా దొరికిపోతాయి. డొమైన్‌లో అండర్‌స్కోర్ ఉండదు కాబట్టి ఆ భయం లేదు గానీ, యూజర్‌నేమ్‌లతో లైక్ వాడేటప్పుడు గుర్తుంచుకోండి: లైక్‌కు అండర్‌స్కోర్ అంటే ఏదో ఒక అక్షరం.

ఇప్పుడు అసలు చిక్కు. మూడుల్ మామూలుగా వాడే యూనికోడ్_సీఐ కొలేషన్‌లో (అక్షరాలను పోల్చే పద్ధతిలో) లైక్ పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదు. రీప్లేస్ ఫంక్షన్ చూస్తుంది. ఎవరైనా అడ్రసు అంతా పెద్ద అక్షరాల్లో ఇచ్చి ఉంటే లైక్ దాన్ని పట్టుకుంటుంది, రీప్లేస్ వదిలేస్తుంది. అప్పుడు తెర మీద ‘రోస్ మ్యాచ్డ్: 4180, ఛేంజ్డ్: 4163’ అన్నట్టు రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. ఆ 17 మంది పాత అడ్రసుతోనే మిగిలిపోతారు, ఎర్రర్ మాత్రం ఏదీ రాదు. అందుకే రీప్లేస్ మానేసి, సబ్‌స్ట్రింగ్_ఇండెక్స్‌తో ఎట్ గుర్తుకు ముందున్న భాగం తీసుకుని, కాన్‌క్యాట్‌తో కొత్త డొమైన్ తగిలించండి. స్టార్ట్ ట్రాన్సాక్షన్, అప్‌డేట్, తర్వాత మళ్లీ సెలెక్ట్‌తో ఓ పది వరసలు కళ్లతో చూడటం, అంకెలు సరిపోతే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్. కమిట్ ఇచ్చేవరకు ఆ వరసలు లాక్‌లో ఉంటాయి కాబట్టి మధ్యలో టీకి వెళ్లకండి. ఎవరైనా లాగిన్ కావాలన్నా వాళ్ల వరసలో రాయాల్సి ఉంటుంది, అది ఆగిపోతుంది.

కమిట్‌కు ముందే ఒకే అడ్రసు ఇద్దరికి రాలేదు కదా చూడండి. ఈమెయిల్ మీద గ్రూప్ బై చేసి, కౌంట్ 1 కంటే ఎక్కువ ఉన్నవి తీయండి. ఈమెయిల్ కాలమ్ యూనీక్ కాదు, డేటాబేస్ మిమ్మల్ని ఆపదు. ఈమెయిల్‌తో లాగిన్ అనుమతించిన సైట్‌లో ఒకే అడ్రసు ఇద్దరికి ఉంటే ఆ అడ్రసుతో ఇద్దరూ లోపలికి రాలేరు.

అయినా కొందరికి మెయిల్ రాకపోవచ్చు. మీ సైట్‌లో బౌన్స్ లెక్కింపు ఆన్‌లో ఉంటే, యూజర్_ప్రిఫరెన్సెస్‌లో ఈమెయిల్_బౌన్స్_కౌంట్, ఈమెయిల్_సెండ్_కౌంట్ అనే వరసలు ఉంటాయి. మామూలుగా 10 మెయిళ్లు తిరిగొచ్చి, తిరిగొచ్చినవి పంపినవాటిలో ఐదో వంతు దాటితే మూడుల్ ఆ యూజర్‌కు పంపడం మానేస్తుంది. ప్రొఫైల్ పేజీలో అడ్రసు మారిస్తే ఈ లెక్క సున్నా అవుతుంది. డేటాబేస్‌లో మారిస్తే కాదు. పాత డొమైన్ మూతపడి నెలలైతే ఇప్పటికే చాలామంది ఆ గీత దాటి ఉంటారు. మార్చిన ఐడీలకు ఆ రెండు వరసలనూ డిలీట్ చేయండి.

లాగిన్ ఎల్‌డ్యాప్ (సంస్థ యూజర్ల వివరాలన్నీ ఉండే కేంద్ర డైరెక్టరీ) ద్వారా అయితే ఈ శ్రమంతా వృథా. ఈమెయిల్ ఫీల్డ్‌ను ప్రతి లాగిన్‌కూ తెచ్చుకోమని పెట్టి ఉంటే, విద్యార్థి లోపలికి రాగానే ఎల్‌డ్యాప్‌లోని పాత అడ్రసు మీ మార్పు మీద పడుతుంది. ముందు అక్కడ మార్చండి. గూగుల్ లాగిన్ వాడేవాళ్లు ఆథ్_ఓఆథ్2_లింక్డ్_లాగిన్ టేబుల్‌ను కూడా చూడాలి, పాత అడ్రసు అక్కడా రాసి ఉంటుంది.

ప్రశ్న: అసలు సైట్‌ను టెస్ట్ సర్వర్‌కు కాపీ చేసి కొత్త వెర్షన్ ప్రయత్నించాలి. కిందటిసారి కాపీ నుంచి విద్యార్థులందరికీ మెయిళ్లు వెళ్లిపోయాయి. అందరికీ ఈమెయిల్‌స్టాప్ పెడితే సరిపోతుందా? – రాజమహేంద్రవరం

జవాబు: సరిపోదు. పాస్‌వర్డ్ మెయిళ్ల వంటివి దాన్ని దాటి పోతాయని పైన చెప్పాం. పైగా పరీక్ష అయ్యాక ఎవరికి మొదట్లో 0 ఉండేదో, ఎవరు తామే 1 పెట్టుకున్నారో తెలియదు. కాన్ఫిగ్ ఫైలులో ‘నోఈమెయిల్‌ఎవర్’ విలువ ట్రూ అని రాయండి. లిబ్ ఫోల్డర్‌లోని సెటప్‌ను పిలిచే చివరి లైనుకు పైన రాయాలి, కింద రాస్తే లెక్కలోకి రాదు. మెయిల్ ఎలా కనిపిస్తుందో కూడా చూడాలంటే దాని బదులు ‘డైవర్ట్‌ఆల్‌ఈమెయిల్స్‌టు’ వాడి మీ అడ్రసు ఇవ్వండి. అన్నీ మీకే వస్తాయి, సబ్జెక్టు ముందు అసలు ఎవరికి వెళ్లాల్సిందో రాసి ఉంటుంది.

ఏ పని ముందు, ఏది తర్వాత చేస్తారన్నది ముఖ్యం. ఫైళ్లు కాపీ చేయగానే కాన్ఫిగ్ మార్చాలి, తర్వాతే డేటాబేస్ ఎక్కించాలి, క్రాన్ అన్నిటికంటే ఆఖర్న. టాస్క్_అడ్‌హాక్ టేబుల్‌లో అసలు సైట్ అప్పటికింకా పంపని మెయిళ్ల పనులు కూడా కాపీతోపాటే వస్తాయి. క్రాన్ మొదటి నిమిషంలోనే వాటిని అందుకుంటుంది.

రెండో కాపలాగా ఈమెయిల్ కాలమ్‌లో అందరికీ ‘యూజర్’ తర్వాత వాళ్ల ఐడీ, ఎట్ ఎగ్జాంపుల్ డాట్ ఇన్‌వాలిడ్ అని కాన్‌క్యాట్‌తో నింపండి. ‘ఇన్‌వాలిడ్’ అనే తోకను 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఎవరికీ కేటాయించకుండా పక్కన పెట్టింది. మూడుల్ కూడా ఆ తోక చూస్తే మెయిల్ పంపదు. టెస్ట్ సర్వర్‌కు పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉంటారు గనక, విద్యార్థుల ఫోన్ నంబర్ల కాలమ్‌లు కూడా అప్పుడే ఖాళీ చేసేయడం న్యాయం.

ప్రశ్న: మా ఆఫీసులో రెడ్‌మైన్ వాడతాం. అందరికీ తమకు అప్పగించిన పనుల మెయిళ్లే రావాలి. తాము చేసిన మార్పులకు తమకే మెయిల్ రాకూడదు. ఒక్క అప్‌డేట్‌తో అవుతుందా? – హైదరాబాద్

జవాబు: మొదటిది అవుతుంది, రెండోది కాదు. యూజర్స్ టేబుల్‌లో మెయిల్_నోటిఫికేషన్ కాలమ్ ఉంది. అందులో ‘ఓన్లీ_అసైన్డ్’ అని పెట్టండి. ఆల్, సెలెక్టెడ్, ఓన్లీ_మై_ఈవెంట్స్, ఓన్లీ_ఓనర్, నన్ వంటివి మిగతా విలువలు. స్పెల్లింగ్ తప్పినా డేటాబేస్ ఊరుకుంటుంది, తనిఖీ చేసేది రెడ్‌మైనే గానీ ఆ టేబుల్ కాదు. యూజర్స్ టేబుల్‌లో గ్రూపులు కూడా వరసలుగా ఉంటాయి, అందుకే టైప్ = ‘యూజర్’ షరతు కలపండి.

సొంత మార్పులకు మెయిల్ వద్దనే సెట్టింగుకు విడిగా కాలమ్ లేదు. యూజర్_ప్రిఫరెన్సెస్‌లోని అదర్స్ అనే ఒకే గదిలో మిగతా సెట్టింగులతో కలిపి యామల్ అనే టెక్స్ట్ ఫార్మాట్ రూపంలో నో_సెల్ఫ్_నోటిఫైడ్ అని ఉంటుంది. దాన్ని ఎస్‌క్యూఎల్ రీప్లేస్‌తో కెలికితే ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా ఆ యూజర్ ప్రిఫరెన్సులన్నీ చదవడానికి రాకుండా పోతాయి. రెడ్‌మైన్‌కు ఆధారమైన రెయిల్స్ కన్సోల్ తెరిచి, యూజర్లను ఒక్కొక్కరినీ తిప్పుతూ ప్రిఫరెన్స్‌లో ఆ విలువ ట్రూ చేసి సేవ్ చేయండి. యాభైమంది ఉన్న ఆఫీసుకు నిమిషం పని.

అడ్రసులు మార్చాల్సి వస్తే యూజర్స్ టేబుల్‌లో వెతకొద్దు. 2015లో వచ్చిన 3.0 నుంచి అవి ఈమెయిల్_అడ్రసెస్ అనే వేరే టేబుల్‌లో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒకటికి మించి ఉండొచ్చు. ప్రధాన అడ్రసుకు ఈజ్_డిఫాల్ట్ ట్రూగా ఉంటుంది. అదనపు అడ్రసుకు మెయిల్ వెళ్లాలా వద్దా అన్నది ఆ వరసలోని నోటిఫై కాలమ్‌ను బట్టి ఉంటుంది.